చదవకుండా నొక్కిన కమాండ్

మా ఆఫీసులో ఆయన్ని అందరూ అర్జెంటు గారు అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, వెనకాల. ఆయనకి ఏ పనైనా అర్జెంటే, టీ తాగడం కూడా. మనం సెలవు అడిగితే మాత్రం "చూద్దాంలే" అనేవాడు. నాకు మేనేజరు. ఈ కథంతా ఆయన మీద కోపంతోనే చెబుతున్నాను, ఆ మాట ముందే అనేస్తున్నాను. ఆయన వైపు నుంచి కూడా ఆలోచించమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ళతో కూడా పోట్లాడతాను.

మేం చేసే పని చూడ్డానికి ఏమీ ఉండదు. ఎక్కడో పెద్ద షెడ్డుల్లో వేల కంప్యూటర్లు హోరుమంటూ ఉంటాయి. క్లౌడ్ అంటారు గానీ ఆకాశంలో ఏమీ లేదు, అంతా ఇనుమూ తీగలే. మా కంపెనీ అందులో చోటు తీసుకుని రకరకాల వాళ్ళ సమాచారం దాచిపెడుతుంది. దాన్ని నడపడానికి బొమ్మలూ బటన్లూ ఉన్న వెబ్ పేజీ ఉంది. మేం దాని జోలికి పోం. నల్లటి టెర్మినల్ విండోలో ఒక వరుస టైపు చేసి ఎంటర్ నొక్కితే కొత్త సర్వర్ పుడుతుంది. ఇంకో వరుస టైపు చేసి అదే ఎంటర్ నొక్కితే ఉన్నవన్నీ పోతాయి. ఆ మీటకి పుట్టించడమూ చంపడమూ ఒకటే.

అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏదైనా చెరిపేయాలంటే ఒకరు టైపు చేస్తారు, ఇంకొకరు పక్కన నిలబడి ఆ వరుసని పైకి చదువుతారు. అక్షరం, చుక్క, గీత, ఏదీ వదలకుండా. చదివినవాళ్ళు "ఊఁ" అన్నాకే ఎంటర్. ఈ పద్ధతి పెట్టింది పిన్ని. నాకు సొంత పిన్ని కాదు, మా టీములో అందరికంటే పెద్దావిడ, సర్వర్లంటే నిజంగా ఇనప బీరువాల్లా ఉన్న కాలం నుంచి ఈ పనిలో ఉంది. ఫ్లోరంతటికీ ఆవిడ పిన్నే. చదివేటప్పుడు ఆవిడ గొంతు చంటిపిల్లకి జ్వరం చూసే డాక్టర్‌లా మారిపోయేది. మధ్యలో ఎవరైనా నవ్వితే మళ్ళీ మొదటినుంచి చదివేది. ఆవిడ పక్కనుండగా మా టీము పోగొట్టింది ఒక్కటీ లేదు.

అర్జెంటు గారు వచ్చిన కొత్తలోనే ఆ పద్ధతి ఆయన కంట్లో పడింది. "ఒక్క పనికి ఇద్దరు మనుషులా? ఇదేమన్నా పద్యాల పోటీనా, పైకి చదవడానికి?" అన్నాడు. మేం చెప్పిందంతా గోడకి చెప్పినట్టే అయింది. పిన్నిని పై ఫ్లోర్‌కి, కస్టమర్ల ఫిర్యాదులు తీసుకునే బల్ల దగ్గరికి మార్చేశాడు. ఆవిడ తన కప్పు, శాలువా, కుర్చీ మీది దిండు సంచిలో సర్దుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆయనతో గట్టిగా పోట్లాడాను. పోట్లాడి ఏం లాభం, ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఫోన్ చూసుకున్నాడు.

ఇక మా అక్క సంగతి. అక్కకి డ్రైవింగ్ స్కూలుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఆవిడ్ని బ్రేకు మేడమ్ అంటారు. పక్క సీట్లో కూర్చుని "బ్రేకు! బ్రేకు మీద కాలు పెట్టు! అది బ్రేకా, మీ ఇంటి గడపా?" అని ఆవిడ అరిస్తే వీధి చివర ఉన్నవాడు కూడా ఆగిపోతాడు. కోపం ఆవిడకి ముక్కు మీదే ఉంటుంది. ప్రేమొచ్చినా తిట్టే మాట్లాడుతుంది. అలాంటిదానికి గొంతులో కాన్సరని తేలింది. స్వరపేటిక తీసెయ్యాల్సిందే అన్నారు డాక్టర్లు. బతుకుతుంది గానీ ఇక మాట రాదు.

మా కంపెనీలో సమాచారం దాచుకునేవాళ్ళలో ఒక చిన్న సంస్థ ఉంది. మాట పోబోయేవాళ్ళ గొంతుని ముందే రికార్డు చేసి పెట్టుకుంటారు వాళ్ళు. తర్వాత మనిషి టైపు చేస్తే చిన్న యంత్రం ఆ మనిషి గొంతుతోనే మాట్లాడుతుంది. అక్కని నేనే అందులో చేర్చాను. ఆపరేషన్‌కి ముందు రోజూ మా ఇంట్లో బట్టల అలమరాలో దుప్పట్లు వేలాడదీసి, లోపల అక్కని కూర్చోబెట్టి, మైకు చేతికిచ్చేదాన్ని. వాళ్ళు పంపిన వాక్యాలు చదవాలి. "ఈ ఉదయం వాతావరణం ఎంతో ఆహ్లాదకరంగా ఉన్నది" అని చదివి, తలుపు సందులోంచి తల బయటపెట్టి, "ఇలా ఎవడు మాట్లాడతాడే? ఇదా నా గొంతు?" అని నా మీద ఎగిరింది. తర్వాత తన సొంత వాక్యాలు చేర్చుకుంది, సగం తిట్లే. "తిట్లు లేకపోతే అది నేనెలా అవుతానే" అంది. ఆ సంస్థవాళ్ళు ఫోల్డర్‌కి ఏదో ఒక పేరు పెట్టుకోమంటే 'బ్రేకు మేడమ్' అని పెట్టుకుంది.

ఆపరేషన్ అయింది. అక్క మెడకి గుడ్డ చుట్టుకుని, చేతిలో పలకతో ఇంటికొచ్చింది. పలక మీద కూడా తిట్లే రాసేది గానీ, రాసి చూపించేసరికి అవతలివాడు గుమ్మం దాటిపోయేవాడు. అప్పుడు అక్క మొహం చూడలేకపోయేదాన్ని. రికార్డింగులన్నీ చేరాయి, వాటినుంచి గొంతు తయారుచెయ్యడం మొదలుపెట్టాలి, కాస్త సమయం పడుతుందని ఆ సంస్థవాళ్ళు కబురు పెట్టారు. అవి ఉన్నది మా కంపెనీ దగ్గర. ఇంకెక్కడా లేవు. మళ్ళీ చదివిద్దామంటే చదివే గొంతు లేదు.

ఆ మధ్యాహ్నం అర్జెంటు గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడో మానేసిన ఒక కస్టమర్ పాత ప్రకటనల వీడియోలు ఒక ఫోల్డర్ నిండా ఉన్నాయి, అవి తీసెయ్యాలి. సాయంత్రం హెడ్డాఫీసుతో మీటింగు, అక్కడ ఈయన ఎంత చెత్త ఊడ్చాడో చూపించుకోవాలి. ఖర్చు తగ్గుతుందని ఆయనే అందరి ఫోల్డర్లూ ఒకే పెద్ద బకెట్‌లోకి, అంటే ఒకే ఉమ్మడి గోదాములోకి మార్పించాడు. వీడియోలు అందులోనే, గొంతులూ అందులోనే.

నేను కమాండ్ టైపు చేశాను. ఎంటర్ నొక్కలేదు.

"ఏంటి చూస్తున్నావు?" అన్నాడు.

"చదివేవాళ్ళు కావాలండీ. పై నుంచి పిన్నిని పిలుచుకొస్తాను."

"నీకు చదువు రాదా? నువ్వే చదువుకో."

"రాసినవాళ్ళ కంటికి తమ తప్పు ఆనదు. రెండు నిమిషాలు ఆగండి."

"పిన్నంట, పిన్ని! ఇది ఆఫీసా, చుట్టాలిల్లా?" అన్నాడు.

నేను లేచి వెళ్ళాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాను. పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇప్పటికైనా గుర్తొచ్చానా మీ వాడికి" అని నవ్వుతూ నాతో దిగింది. మేం తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఆయన నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అయిపోయింది. దీనికా ఇంత రాద్ధాంతం?" అన్నాడు.

తెర మీద వరుసలు పరిగెడుతున్నాయి. చెరిపాను, చెరిపాను, చెరిపాను అని ఒక్కో ఫైలు పేరు చెప్పుకుంటూ పోతోంది టెర్మినల్. వీడియోల పేర్లు కావవి. నాకు అర్థమయ్యేలోపే 'బ్రేకు మేడమ్' అని ఒక వరుస వచ్చింది. దాని కింద మళ్ళీ బ్రేకు మేడమ్. మళ్ళీ బ్రేకు మేడమ్. అలమరాలో కూర్చుని అక్క చదివిన ఒక్కో వాక్యమూ నా కళ్ళ ముందే పోతోంది. ఆయన భుజం మీదుగా వంగి, కీబోర్డు లాక్కుని ఆపేశాను. అప్పటికే మిగిలిందేమీ లేదు.

ఆయన చేసింది ఇదీ. పొడుగాటి ఫోల్డర్ పేరు మాటిమాటికీ కొట్టకుండా మేం దానికో పొట్టి పేరు పెట్టుకుంటాం. కమాండ్‌లో ఆ పొట్టి పేరే రాస్తాం. కాకపోతే ఏ విండోలో పెట్టిన పొట్టి పేరు ఆ విండోకే తెలుసు. ఈయనకి కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ. నా విండోలో అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని, పెద్ద అక్షరాలతో కొత్త విండో తెరిచి, నా కమాండ్‌ని అందులోకి కాపీ చేశాడు. కొత్త విండోకి ఆ పొట్టి పేరు తెలీదు. తెలీదని చెప్పదు కూడా. ఆ చోటు ఖాళీ అనుకుని పనిలోకి దిగిపోతుంది. ఫలానా ఫోల్డర్‌ని చెరుపు అన్న మాట కాస్తా బకెట్‌లో ఉన్నదంతా చెరుపు అయి కూర్చుంది. పిన్ని ఉంటే ముందు ఆ పొట్టి పేరేంటో టెర్మినల్ చేతే చెప్పించేది. చెప్పకపోతే ఊఁ అనేది కాదు.

"నా మనవడు కూడా చూడకుండా బటన్లు నొక్కడండీ" అంది పిన్ని, ఆయన మొహం మీదే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. ఫ్లోర్‌లో అందరూ లేచి నిలబడ్డారట. గుర్తున్నది ఒక్కటే, ఇంకా అంతా అయిపోలేదన్న ఆలోచన. చెరిపినవి ముందు చెత్తబుట్టలోకి పోతాయి. అక్కణ్ణుంచి తిరిగి తీసుకోవచ్చు. ఒకప్పుడు నెలంతా ఉండేవి. ఈయన వచ్చాక, బుట్ట కూడా చోటు తింటోందని, రోజూ సాయంత్రం దానంతటదే పూర్తిగా ఖాళీ అయ్యేలా పెట్టించాడు. బుట్ట ఖాళీ అయ్యాక ఇక దేవుడు దిగొచ్చినా తేలేడు. బుట్టలోంచి వెనక్కి తీసుకోవడానికీ, ఆ ఖాళీ చెయ్యడాన్ని ఆపడానికీ కావలసిన పర్మిషన్ మా టీములో అందరి దగ్గరా ఉండేది. అదీ ఈయనే లాక్కుని తన ఒక్కడి దగ్గర పెట్టుకున్నాడు.

"పర్మిషన్ ఇవ్వండి. ఇప్పుడే తెచ్చేస్తాను" అన్నాను.

అర్జెంటు గారికి మొదటిసారిగా ఏ తొందరా లేకుండా పోయింది. "లోపలికి రా, మాట్లాడదాం" అని అద్దాల గదిలోకి తీసుకెళ్ళాడు. పిన్ని వెనకే రాబోతే, "మీరు ఈ ఫ్లోర్ మనిషి కాదు కదా" అని తలుపు వేసేశాడు.

బల్ల మీద నీళ్ళ సీసా అటూ ఇటూ జరుపుతూ చెప్పాడు. "బుట్ట ఆపితే హెడ్డాఫీసుకి వెంటనే తెలుస్తుంది. ఎందుకు ఆపారని అడుగుతారు. ఎవరేం చేశారో రాసుండే లాగ్ తీస్తారు. లాగ్‌లో ఏముంటుంది? నీ లాగిన్, నీ మెషీన్, నీ పేరు."

"కుర్చీలో ఉన్నది మీరు."

"లాగ్‌కి కుర్చీలు కనపడవు. చూడమ్మా, నేను నీ చెడు కోరేవాణ్ణి కాదు. 'పొరపాటున నేనే నొక్కాను' అని నీ పేరుతో ఒక మెయిల్ పెట్టు. మరుక్షణం పర్మిషన్ ఇస్తాను. అన్నీ వెనక్కి వస్తాయి. ఏదో చిన్న హెచ్చరికతో పోతుంది. నేను చూసుకుంటాను."

"పెట్టకపోతే?"

"సాయంత్రం దాకా ఆలోచించుకో" అన్నాడు.

సాయంత్రం బుట్ట ఖాళీ అవుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అక్క కోసం అని ఆయనకి నేను చెప్పలేదు. చెప్తే ఇంకేదో కూడా రాయించుకునేవాడు.

బయటికి వస్తే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "రాయకు. నేను కళ్ళారా చూశాను. హెడ్డాఫీసుకి నేను చెప్తాను" అంది.

"మీరు చెప్తే వాళ్ళు వినేదెప్పుడు? విచారణ అంటారు, రేపంటారు. అక్క గొంతు రేపటిదాకా ఉండదు పిన్నీ."

"వాడి పాపం నువ్వు మోస్తావా?"

"మోస్తాను. మీరు కూడా ఎవరితోనూ అనకండి. మధ్యలో తేడా వస్తే పర్మిషన్ వెనక్కి లాక్కుంటాడు."

మెయిల్ రాశాను. 'నా అజాగ్రత్త వల్ల' అని టైపు చేస్తుంటే పళ్ళు పటపటమన్నాయి. పంపిన మరుక్షణం, అన్నమాట ప్రకారం, పర్మిషన్ వచ్చింది. ఆ ఒక్క పనిలో మాత్రం ఆయన నిజంగా అర్జెంటే.

ముందు బుట్ట ఖాళీ కాకుండా ఆపాను. తర్వాత బుట్టలో పడ్డవాటిని ఒక్కొక్క ఫోల్డరే వెనక్కి తెస్తూ పోయాను. పిన్ని పక్కన నిలబడి ప్రతి వరుసా పైకి చదివింది. ఆవిడ్ని పైకి పొమ్మనే ధైర్యం ఆ రోజు ఎవరికీ లేదు. 'బ్రేకు మేడమ్' ఫోల్డర్ వెనక్కి వచ్చాక అందులో ఒక ఫైలు తెరిచి ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. "ఏమే, మైకు సరిగ్గా పట్టుకో" అంది అక్క నా చెవిలో. అందరి ముందూ భోరున ఏడ్చేశాను.

చిన్న హెచ్చరిక అన్నాడా? విచారణ పూర్తయ్యేదాకా ఆఫీసుకి రావద్దని మర్నాడే కాగితం వచ్చింది. ఆయన నాకు ఫోన్ కూడా చెయ్యలేదు. చేతులు దులుపుకుని, మీటింగుల్లో ఈ సంఘటన నుంచి టీము నేర్చుకున్న పాఠాలు అని బొమ్మలేసి చూపిస్తున్నాడట. హెడ్డాఫీసు నుంచి విచారణ చేసే ఆవిడ ఫోన్ చేసి, "మీ మెయిల్‌కి చేర్చాల్సింది ఏమైనా ఉందా?" అని అడిగింది. నేను నీళ్ళు నమిలి, ఏమీ లేదన్నాను. కంపెనీ మొత్తం నన్ను చేతకానిదాని కింద జమకట్టింది. రోజూ పొద్దున్నే లేచి, వెళ్ళడానికి చోటు లేక, వంటింట్లో గిన్నెల మీద నా కోపం చూపించేదాన్ని. అక్క పలక మీద 'ఏమైంది?' అని రాసేది. సెలవు పెట్టానని చెప్పేదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అక్క గొంతు వచ్చింది. అరచేతిలో పట్టే యంత్రం, చిన్న స్పీకరు. అది వినడానికి పిన్ని కూడా మా ఇంటికి వచ్చింది. అక్క బల్ల ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది. "టీ పెట్టవే, చుట్టాలొచ్చారు" అంది యంత్రం. అచ్చంగా అక్క గొంతే. కాకపోతే కోపం లేదు, ఎత్తుపల్లాలు లేవు, చదునుగా ఉంది. పిన్ని కళ్ళు తుడుచుకుంటూ, "ఇందుకోసమే కదమ్మా నీ చెల్లెలు ఆ తప్పు నెత్తిన వేసుకుంది" అనేసింది. అని, నాలుక కరుచుకుంది.

అక్క నా వంక చూసింది. ఇక దాచడానికి లేదు. అంతా పిన్నే చెప్పింది. వింటున్నకొద్దీ అక్క మొహం ఎర్రబడింది. ఇదివరకైతే ఈపాటికి పైకప్పు లేచిపోయేది. ఇప్పుడు వంగి టైపు చేస్తోంది. తిట్టు తయారయ్యేదాకా నేను నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది. అంత నరకం ఇంకోటి లేదు.

"నా గొంతు కోసం నీ నోరు తాకట్టు పెట్టావా?" అంది యంత్రం, వార్తలు చదివినట్టు.

నాకూ ఒళ్ళు మండింది. ఉద్యోగం పోయేలా ఉంది, పరువు పోయింది, చివరికి తిట్లు కూడా నాకేనా. "మరేం చెయ్యమంటావే? నువ్వు మళ్ళీ చదవగలిగేదానివా?" అని అరిచాను.

"నన్ను అడిగావా?"

"అడిగితే ఏమనేదానివి?"

"వద్దనేదాన్ని."

"అబద్ధం!"

అక్క వేళ్ళు ఆగిపోయాయి. మెడ దగ్గర గుడ్డ ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. పిన్ని కప్పు చేతిలో పట్టుకుని మా ఇద్దరి మధ్యా బిగుసుకుపోయి కూర్చుంది. అక్క మళ్ళీ టైపు చేసింది, చాలాసేపు.

"అవును. అబద్ధమే. తెచ్చుకోమనే అనేదాన్ని. కానీ తెచ్చుకున్నాక నోరు తెరవమనేదాన్ని. ఇంకా ఎందుకు మూసుకుని కూర్చున్నావు?"

ఇప్పుడు లాక్కోవడానికి ఆయన దగ్గర ఏ పర్మిషనూ లేదు. గొంతు అక్క చేతిలో ఉంది. అయినా నేను నోరు విప్పలేదు. అజాగ్రత్త అని నా చేత్తో నేనే రాసుకున్నదాన్ని, ఇప్పుడు కాదంటే ఎవరు నమ్ముతారని భయం. కోపమంతా పైపైనే, లోపల ఉన్నది భయమే. ఆ మాటే అక్కతో అన్నాను.

"ఫోన్ కలుపు," అంది అక్క. "విచారణ చేసే ఆవిడకి."

"నువ్వేం మాట్లాడతావే? ఒక్కో ముక్కకీ ఇంతసేపు పడుతుంటే ఆవిడ పెట్టేస్తుంది."

అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బల్ల మీద పెట్టి, వేలితో టకటకమని కొట్టింది, కలుపు అని. కలిపి స్పీకర్‌లో పెట్టాను. ఆవిడ హలో అంది. అక్క వంగి టైపు చేస్తోంది. ఆవిడ మళ్ళీ హలో అంది. పెట్టేస్తుందని నేను నోరు తెరవబోయేసరికి అక్క చెయ్యెత్తి ఆపింది.

"ఆ ఎంటర్ నా చెల్లెలు నొక్కలేదు" అంది యంత్రం.

అవతలి నుంచి ఆవిడ గొంతు జాగ్రత్తగా వచ్చింది. "మీరెవరండీ మాట్లాడేది?"

అక్క ఒక్కో అక్షరమూ గట్టిగా పొడుస్తూ టైపు చేసింది. టైపు చేసింది తెర మీద చూసి పిన్ని చేతిలో కప్పు కింద పెట్టేసింది. అక్క మీట నొక్కింది.

"మీ దగ్గర చెరిపేసిన గొంతుని."

ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. కాగితాలు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. "చెప్పండి, వింటున్నాను" అంది. పిన్ని కుర్చీ ముందుకు లాక్కుంది. అక్క యంత్రాన్ని పక్కకి జరిపి, ఫోన్‌ని నా ముందుకి తోసింది.

నేను నోరు తెరిచాను.